వాహన విజ్ఞానం: కుటుంబ వ్యాగన్ మలుపులో మాట వినాలంటే

గత సంచికలో బ్యాటరీ సంరక్షణ గురించి వ్రాసిన పిమ్మట వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయాన్ని ప్రస్తావించాయి. మూడూ అమెరికాలో ఉంటున్న పిల్లల వద్దకు వెళ్ళి వచ్చిన సహోద్యోగులు వ్రాసినవే. వారి పిల్లలు కొనుక్కున్న వాహనం స్టేషన్ వ్యాగన్. వెనుక సామానుకు విశాలమైన చోటు, ఇంటిల్లిపాదికీ సరిపడే సీట్లు, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఏర్పాటు ఉన్న బండి. వారి సందేహం కూడా దాదాపు ఒకటే. బండి మంచులోనూ బురదలోనూ చక్కగా కదులుతుంది గాని, మలుపులో పక్కకు ఎక్కువగా ఒరుగుతుంది. స్టీరింగు తిప్పినంతగా ముందు భాగం తిరగదు. దీనిని సరిచేసే మార్గం ఏది? స్ప్రింగులు మార్చాలా, బార్లు వేయించాలా, వెడల్పు చక్రాలు తొడగాలా?

ప్రశ్న సమంజసమైనది. మన దేశంలో ఇటువంటి వ్యాగన్లు తక్కువే. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్ ఆకారంలో వ్యాగన్ అయినా దాని వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందేది. 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి నాలుగు చక్రాల నడక ఉన్నా అది జీపు జాతి బండి. అయినప్పటికీ మన కుటుంబాలలో చాలామంది పిల్లలు, మనుమలు ఈ వ్యాగన్లలో ప్రయాణిస్తున్నందున, ఈ నెల శీర్షికను ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. నాలుగు చక్రాలకు శక్తి అందడం బండి కదలడానికి తోడ్పడుతుంది. మలుపు తిరగడం, ఆగడం అనే రెండు పనులూ టైర్లవి. ఈ తేడా తెలిస్తే డబ్బు ఏ వరుసలో ఖర్చు చేయాలో తనంతట తానే తెలుస్తుంది.

విద్యుత్ సంస్థ అడిగిన బండి

ఈ రకం వాహనాల చరిత్రలో మన వంటి సంస్థలలో పనిచేసేవారికి ఆసక్తి కలిగించే ఘట్టం ఒకటి ఉన్నది. ఉత్తర జపానులోని తొహోకు ప్రాంతంలో చలికాలంలో మంచు దట్టంగా కురుస్తుంది. అక్కడి తొహోకు ఎలక్ట్రిక్ పవర్ సంస్థ సిబ్బంది కొండ దారులలో విద్యుత్ లైన్ల పర్యవేక్షణకు జీపులు వాడేవారు. మంచులో జీపు వెళ్ళగలదు గాని అందులో కూర్చునేవారికి చలి, కుదుపు తప్పేవి కావు. కారు వలె సుఖంగా ఉండి, జీపు వలె మంచులో నడిచే వాహనం కావాలని ఆ సంస్థ కోరింది. మియగి ప్రాంతంలోని సుబారు విక్రయ సంస్థ తన వర్క్‌షాపులోనే ఒక చిన్న వ్యాగన్‌కు వెనుక చక్రాల నడకను కూడా అమర్చి చూపింది. ఆ ప్రయత్నాన్ని మాతృసంస్థ స్వీకరించి, 1972లో లియోనె ఎస్టేట్ వ్యాన్‌గా విపణిలోకి తెచ్చింది. అందులో వెనుక చక్రాల నడకను డ్రైవరు లీవరుతో కలుపుకోవలసి వచ్చేది. నాలుగు చక్రాలూ నిరంతరం నడిచే కుటుంబ కారుగా అమెరికాలో ఏ.ఎం.సి. ఈగిల్ 1980 మోడల్‌గా వచ్చింది. సుబారు లెగసీ 1989లోను, దాని నుండి రూపొందిన అవుట్‌బ్యాక్ అమెరికాలో 1990ల మధ్యలోను వచ్చి ఈ తరగతికి పేరు తెచ్చాయి.

ఈ పుట్టుక వలననే ఈ బండ్ల గుణాలు ఏర్పడ్డాయి. అడ్డంకిని దాటించడం వీటి మొదటి ధర్మం. అందుకే నేలకూ బండి అడుగు భాగానికీ మధ్య ఎత్తు ఎక్కువ. 2010 మోడల్ నుండి అమెరికాలో అమ్మిన అవుట్‌బ్యాక్‌కు ఈ ఎత్తు 8.7 అంగుళాలు, అంటే సుమారు 220 మి.మీ. గతుకులు తెలియకుండా ఉండేందుకు స్ప్రింగులు మెత్తగా ఉంటాయి. సుబారులో ఇంజను సిలిండర్లు అడ్డంగా పడుకొని ఉండడం వల్ల దాని బరువు క్రిందికి చేరుతుంది. ఇది మేలే. కాని ఇంజను ముందు చక్రాల వరుసకు ముందుగా అమరి ఉండడంతో బండి బరువులో ఎక్కువ పాలు ముందు టైర్లపై పడుతుంది. ఎత్తు, మెత్తదనం, ముందు బరువు అనే ఈ మూడూ కలిసినప్పుడు మలుపులో బండి ఒరగడం, ముందు భాగం బయటికి జారడం సహజం. ముందు భాగం ఇలా బయటికి పోవడాన్ని ఇంజనీర్లు అండర్‌స్టీర్ అంటారు. వెనుక భాగం బయటికి జారితే అది ఓవర్‌స్టీర్. సాధారణ డ్రైవరుకు మొదటిదే క్షేమమని తలచి, తయారీదారులు కుటుంబ వాహనాలను కొద్దిగా అండర్‌స్టీర్ వైపే మొగ్గి ఉండేటట్లు రూపొందిస్తారు. కనుక ఈ గుణాన్ని పూర్తిగా తుడిచివేయడం మన లక్ష్యం కారాదు. అది హద్దు మీరకుండా చూసుకోవడమే మన పని.

పట్టు లెక్క

బండి ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత మేర మాత్రమే. ఒక్కొక్క టైరు కింద ఆ అరచేతి మేరలో లభించే ఘర్షణ బలానికి పరిమితి ఉన్నది. ముందుకు తోయడం, నిలపడం, పక్కకు తిప్పడం అనే మూడు పనులకూ ఈ ఒక్క ఖజానా నుండే ఖర్చు పెట్టాలి. బ్రేకుకు ఎక్కువ వాడితే తిరగడానికి తక్కువ మిగులుతుంది.

మలుపులో ఎంత పట్టు అవసరమో మన పిల్లలు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే సూత్రమే చెబుతుంది. వేగం వర్గాన్ని మలుపు వ్యాసార్థంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం వస్తుంది. 50 మీటర్ల వ్యాసార్థం గల ఘాట్ రోడ్డు మలుపు తీసుకుందాం. గంటకు 40 కి.మీ. వేగంలో కావలసిన త్వరణం గురుత్వ త్వరణంలో 0.25 వంతు. 50 కి.మీ. వద్ద అది 0.39, 60 కి.మీ. వద్ద 0.57, 70 కి.మీ. వద్ద 0.77. వేగం 40 నుండి 60కి, అంటే ఒకటిన్నర రెట్లు పెరిగేసరికి అవసరమైన పట్టు రెండుంబావు రెట్లు అయినది.

ఇప్పుడు రోడ్డు ఏమి ఇవ్వగలదో చూద్దాం. మంచి టైరుకు పొడి తారు రోడ్డుపై ఘర్షణ గుణకం సుమారు 0.8 ఉంటుంది. తడి రోడ్డుపై సుమారు 0.5కు పడిపోతుంది. గట్టిపడిన మంచుపై 0.2 నుండి 0.3 వరకు, నున్నటి మంచుగడ్డపై 0.1 లేదా అంతకంటె తక్కువ. అంటే పొడి రోడ్డుపై 70 కి.మీ. వేగంతో తిరిగిన అదే మలుపు, గట్టి మంచుపై 40 కి.మీ. వద్దనే చేయి దాటిపోగలదు. అక్కడ నాలుగు చక్రాలకు శక్తి అందినా, రెండింటికే అందినా ఈ లెక్క మారదు.

ఆగే దూరం కూడా ఇంతే. 60 కి.మీ. వేగంలో బ్రేకు పని చేయడం మొదలైన తరువాత పొడి రోడ్డుపై ఆగడానికి సుమారు 18 మీటర్లు కావాలి. గుణకం 0.25 ఉన్న మంచుపై సుమారు 57 మీటర్లు. ఎత్తు రోడ్డు మీద జారకుండా పైకి తీసుకువెళ్ళిన బండి, దిగేటప్పుడు కూడా అదే విధంగా కాపాడుతుందనుకోవడం ఈ వాహనాల యజమానులలో తరచు కనిపించే భ్రమ. పైకి ఎక్కేటప్పుడు ఎంత సులభంగా ఎక్కితే, డ్రైవరుకు రోడ్డు ఎంత జారుడుగా ఉన్నదో అంత తక్కువగా తెలుస్తుంది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఈ సంగతిని చట్టంలోనే వ్రాసింది. అక్కడ రాకీ పర్వతాల గుండా వెళ్ళే 70వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి సుమారు 11,000 అడుగుల ఎత్తున ఒక సొరంగంలో పర్వత శ్రేణిని దాటుతుంది. ఆ రహదారిలోని డాట్‌సెరో, మోరిసన్ ఊళ్ళ మధ్య ప్రతి ఏడూ సెప్టెంబరు 1 నుండి మే 31 వరకు ప్రత్యేక నిబంధన అమలులో ఉంటుంది. నాలుగు చక్రాలు నడిచే వాహనమైనా సరే, టైరు గాడి లోతు కనీసం 3/16 అంగుళం, అంటే 4.8 మి.మీ. ఉండాలి. బండికి ఏ రకం నడక ఉన్నదని అడిగి ఊరుకోకుండా, టైరును కూడా కొలవమన్నారన్న మాట.

మొదటి ఖర్చు టైర్లపైనే

మా పెద్దమ్మాయి కుటుంబం డెన్వర్ నగరానికి పడమటగా కొండల అంచున నివసిస్తున్నది. వారిది తొమ్మిదేళ్ళ వయసు గల వ్యాగన్. సెకండ్ హ్యాండులో కొన్నది. పిల్లలిద్దరినీ బడికి దింపేందుకు మా అమ్మాయి రోజూ ఒక గుట్ట దాటి వెళ్ళాలి. ఆ దారిలో ఒక దిగుడు మలుపు ఉన్నది. చెట్ల నీడ వల్ల మధ్యాహ్నం వరకు అక్కడ మంచు కరగదు. ఒక ఉదయం స్టీరింగు తిప్పినా బండి ముందు భాగం తిరగక ఎదురు వరుసలోకి నాలుగైదు అడుగులు జారింది. అదృష్టవశాత్తు ఎదురుగా వాహనం లేదు. స్థానిక వర్క్‌షాపు ఒకటి స్ప్రింగులు, యాంటీ రోల్ బారు మార్చమని పెద్ద మొత్తానికి అంచనా వ్రాసి ఇచ్చింది.

"నాలుగు చక్రాలూ నడుస్తాయి కదా మామయ్యగారూ, టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి. లోపం సస్పెన్షన్‌లోనే ఉండాలి" అన్నాడు మా అల్లుడు.

"ఆ అంచనా కాగితం అలా ఉంచండి బాబూ. ముందు ఒక గాడి కొలిచే గేజి తెప్పించండి" అన్నాను.

గేజి ఖరీదు అక్కడ నాలుగైదు డాలర్లకు మించదు. వెనుక టైర్ల గాడి లోతు 8 మి.మీ. ఉన్నది. ముందు టైర్లలో 4 మి.మీ. మాత్రమే, అందులోనూ లోపలి అంచు ఇంకా ఎక్కువ అరిగి ఉన్నది. కొన్ని నెలల ముందు ఒక టైరు పగిలినప్పుడు రెండే కొత్తవి కొని వెనుక వేయించారట. ముందు రెండూ ఒక కంపెనీవి, వెనుక రెండూ వేరొక కంపెనీవి. ముందు టైర్లకు పట్టు తక్కువ, వెనుక టైర్లకు ఎక్కువ అయితే ముందు భాగమే మొదట జారుతుంది. మలుపులో జరిగినది అక్షరాలా అదే. పైగా 4 మి.మీ. గాడితో ఆ పర్వత రహదారిపైకి వెళ్ళడం చట్టరీత్యా కూడా తప్పే.

టైర్లను జతలుగా మార్చడం మామూలు కారుకు చెల్లవచ్చు. నిరంతరం నాలుగు చక్రాలు నడిచే బండికి చెల్లదు. కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. గాడి లోతులో 1 మి.మీ. తేడా ఉంటే టైరు చుట్టుకొలతలో సుమారు 6.3 మి.మీ. తేడా వస్తుంది. చుట్టుకొలత 2.15 మీటర్లుండే టైరు కిలోమీటరుకు సుమారు 465 చుట్లు తిరుగుతుంది. 4 మి.మీ. అరిగిన టైరు అదే కిలోమీటరులో కొత్త టైరు కంటె అయిదు చుట్లకు పైగా అధికంగా తిరగాలి. ముందు వరుసకూ వెనుక వరుసకూ మధ్యనున్న డిఫరెన్షియలు లేదా క్లచ్చి ఈ తేడాను నేరు రోడ్డుపై కూడా క్షణం విశ్రాంతి లేకుండా భరించవలసి వస్తుంది. అది వేడెక్కి అరిగిపోతే రిపేరు ఖర్చు నాలుగు టైర్ల ఖరీదును మించిపోవచ్చు. అందుకే ఈ బండ్లలో టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళానికి మించరాదని నియమం. అది గాడి లోతులో సుమారు 1 మి.మీ.కి సమానం.

కనుక నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి, ఒకే అరుగుదల గలవి అయి ఉండాలి. యజమాని పుస్తకంలో చెప్పిన దూరానికొకసారి వాటి స్థానాలు మార్పిస్తూ ఉంటే అరుగుదల సమానంగా సాగుతుంది. గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తు 1.6 మి.మీ. వద్ద బయటపడుతుంది. అంతవరకు ఆగడం పొదుపు కాదు. వాన నీటిని పక్కకు త్రోసే శక్తి అంతకు చాలా ముందే తగ్గిపోతుంది.

గాడి బాగున్నా వయసు చూడాలి. టైరు ప్రక్క భాగంలో అచ్చు వేసిన సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. 3523 అని ఉంటే 2023వ సంవత్సరం 35వ వారం. ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి, చూపుకు కొత్తగా ఉన్నా పట్టు కోల్పోతుంది.

మంచు ప్రాంతాలలో శీతాకాలపు టైర్లు వేరుగా దొరుకుతాయి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గినప్పుడు మామూలు వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. శీతాకాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉండి రోడ్డును అంటుకుంటుంది. మూడు శిఖరాల పర్వతంలో మంచు రేకు గుర్తు ఉన్నవి మంచు పరీక్షలో నెగ్గినవి. వాటిని కూడా నాలుగింటికి నాలుగూ వేయాలి.

గాలి, బరువు

టైర్ల తరువాత గాలి. దీనికి ఖర్చు లేదు. డ్రైవరు తలుపు పక్క స్తంభంపై అంటించిన పట్టీలో ముందు, వెనుక టైర్లకు ఎంత గాలి ఉండాలో వ్రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె టైరు భరించగల గరిష్ఠ పీడనం. అది పాటించవలసిన అంకె కాదు. బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న తరువాత, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి.

ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా టైరులో పీడనం ఒక పౌండు తగ్గుతుంది. వేసవి చివర 32 పౌండ్లు నింపి మరిచిపోయిన టైరులో, 25 డిగ్రీలు చల్లబడిన శీతాకాలపు ఉదయం 27 లేక 28 పౌండ్లే మిగులుతాయి. తక్కువ గాలి ఉన్న టైరు మలుపులో ప్రక్కకు మడతపడి, స్టీరింగు తిప్పిన కొంత సేపటికి గాని బండి స్పందించదు. ఒరుగుతున్నదని ఫిర్యాదు చేసే ముందు గేజి పెట్టి చూడడం మర్యాద.

బరువు సంగతి కూడా ఇటువంటిదే. వ్యాగన్ పైకప్పుపై కడ్డీలుంటాయి గనుక సెలవు ప్రయాణంలో పెట్టెలన్నీ పైకి ఎక్కించడం అలవాటు. పైకప్పుపై ఉంచిన ప్రతి కిలో బండి గరిమనాభిని పైకి లేపి ఒరుగును పెంచుతుంది. బరువైన వస్తువులు లోపల, క్రింద, వెనుక సీటుకు ఆనించి సర్దాలి. దుప్పట్లు, దుస్తులు వంటి తేలిక వస్తువులనే పైకి పంపాలి. పైకప్పు ఎంత భరించగలదో పుస్తకంలో ఉంటుంది. మన అంబాసిడరు కారు మీద పెళ్ళి సామాను కట్టిన రోజులు మరిచిపోని మన తరం, పిల్లలకు ఈ ఒక్క విషయం నొక్కి చెప్పవలసిన అవసరం ఉన్నది.

కీళ్ళు, దిశ, కుదుపు

మనిషికి కీళ్ళెలాగో బండికి సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు అలాగ. క్రింది ఆర్మును చట్రంతో కలిపే బుష్ చీలిపోతే, బ్రేకు వేసినప్పుడు, తిప్పినప్పుడు చక్రం తన స్థానం నుండి కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది. డ్రైవరుకు స్టీరింగు వదులుగా, బండి తడబడుతున్నట్లుగా అనిపిస్తుంది. మా అమ్మాయి బండిలో ముందు ఆర్ము వెనుక బుష్‌లు రెండూ చీలి ఉన్నవి. టైరు లోపలి అంచు ఎక్కువ అరగడానికి సగం కారణం అక్కడే దొరికింది.

మిగిలిన సగం వీల్ అలైన్‌మెంట్. పై నుండి చూసినప్పుడు చక్రాలు ముందువైపు దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా అన్నది టో. ఎదుటి నుండి చూసినప్పుడు చక్రం తల లోపలికి వంగిందా, బయటికి వంగిందా అన్నది క్యాంబర్. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బయటికి వాలుతుంది. ముందుగానే దాని తలను కొద్దిగా లోపలికి వంచి ఉంచితే, మలుపులో టైరు వెడల్పంతా నేలను తాకుతుంది. తయారీదారు అనుమతించిన హద్దులలోనే ముందు చక్రాలకు ఆ లోపలి వంపు ఎక్కువగా ఉండే వైపు, ఎడమ కుడి చక్రాలకు సమానంగా అమర్చమని అలైన్‌మెంట్ చేసేవారిని అడగవచ్చు. చాలా బండ్లలో అందుకు సర్దుబాటు బోల్టు ఉంటుంది. అదనపు ఖర్చు దాదాపు లేకుండా ముందు పట్టును పెంచే మార్గం ఇది. అయితే బుష్‌లు మార్చిన తరువాతే అలైన్‌మెంట్ చేయించాలి. వదులు కీళ్ళపై చేసిన అలైన్‌మెంట్ వారం కూడా నిలవదు.

షాక్ అబ్జార్బర్లు పేరుకు కుదుపును మింగేవి. వాటి అసలు పని స్ప్రింగు ఊగిసలాటను అణచడం. అవి నీరసిస్తే గతుకు తరువాత టైరు నేలపై ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన క్షణంలో పట్టు సున్న. 80 వేల నుండి లక్ష కిలోమీటర్లు నడిచిన బండిలో వాటిని తప్పక పరీక్షింపజేయాలి. నూనె కారిన జాడ, టైరు అక్కడక్కడ గిన్నెల వలె అరగడం ప్రధాన సూచనలు. ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి.

యాంటీ రోల్ బారు ఎప్పుడు?

పై పనులన్నీ పూర్తయిన తరువాత కూడా ఒరుగు ఎక్కువ అనిపిస్తే అప్పుడు యాంటీ రోల్ బారు గురించి ఆలోచించవచ్చు. అమెరికాలో దీనిని స్వే బారు అంటారు. ఎడమ, కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ ఇది. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఊరకుంటుంది. ఒకటి లేచి మరొకటి దిగినప్పుడు మెలిపడి ఎదురు తిరుగుతుంది. అందువలన గతుకులలో సుఖం ఎక్కువగా చెడకుండా ఒరుగును తగ్గించవచ్చు.

కడ్డీ బిగువు దాని వ్యాసానికి నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. 16 మి.మీ. కడ్డీకి బదులు 18 మి.మీ. వేస్తే బిగువు 1.6 రెట్లు, 19 మి.మీ. వేస్తే దాదాపు 2 రెట్లు, 20 మి.మీ. వేస్తే 2.4 రెట్లకు పైగా అవుతుంది. కంటికి తెలియని రెండు మూడు మిల్లీమీటర్లలో బండి స్వభావమే మారిపోతుంది.

వెనుక బారును బిగువు చేస్తే ముందు భాగం బాగా తిరుగుతుంది. కారణం గ్రహించదగినది. మలుపులో బరువు లోపలి చక్రాల నుండి బయటి చక్రాలకు మారుతుంది. టైరుపై బరువు రెట్టింపయినా దాని పట్టు రెట్టింపు కాదు. కనుక బరువు ఎంత ఎక్కువగా మారితే ఆ ఇరుసు మొత్తం పట్టు అంత తగ్గుతుంది. వెనుక బారు బిగిస్తే బరువు మార్పిడిలో ఎక్కువ వాటా వెనుక ఇరుసుకు వెళ్ళి, ముందు టైర్లకు ఊరట కలుగుతుంది. అంటే ముందుకు లాభించినదానిని వెనుక నుండి తీసి ఇచ్చామన్న మాట. పొడి రోడ్డుపై ఈ బదిలీ ఆహ్లాదకరంగానే ఉంటుంది. మంచుపై హద్దు మీరితే వెనుక భాగం తోక ఆడిస్తుంది. కుటుంబ వాహనానికి ఒక మెట్టు చాలు. మూడు మెట్లు ఎక్కరాదు. కడ్డీని పట్టి ఉంచే బ్రాకెట్లు, లింకులు పెరిగిన బలాన్ని భరించగలవో లేవో కూడా చూడాలి.

స్ప్రింగులు కత్తిరించి లేదా పొట్టివి వేసి బండిని క్రిందికి దించడం ఈ తరగతికి తగదు. గతుకులకు ఉంచిన జాగా పోయి, నిండు బరువుతో స్ప్రింగు అడుగంటుతుంది. ఏ ఎత్తు కోసం బండిని కొన్నామో ఆ ఎత్తే పోతుంది. వెడల్పు చక్రాలు కూడా మంచుపై ఉపకరించవు. సన్నని టైరు మెత్తటి మంచును కోసుకొని వెళితే, వెడల్పు టైరు దానిపై తేలుతుంది. 2012 మోడల్ నుండి అమెరికాలోని కార్లన్నిటిలో తప్పనిసరి అయిన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ చాలా ప్రాణాలు కాపాడే సాధనమే. అయితే అది ఉన్న పట్టును సరిగా పంచగలదే గాని లేని పట్టును పుట్టించలేదు.

పాటించవలసిన వరుస

1. నాలుగు టైర్ల గాడి లోతు, వయసు, నమూనా చూడండి. తేడా 1 మి.మీ. మించితే నాలుగూ ఒకేసారి మార్చండి.
2. నెలకొకసారి, చలి మొదలయ్యేటప్పుడు తప్పనిసరిగా, చల్లని టైరులో గాలి చూడండి.
3. పైకప్పు బరువు తగ్గించండి.
4. బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు పరీక్షింపజేయండి. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది గనుక పుస్తకంలో చెప్పిన గడువుకు మార్పించండి.
5. ఆ తరువాత అలైన్‌మెంట్ చేయించి, కొలతల కాగితం తీసి భద్రపరచండి.
6. ఇంకా అవసరమనిపిస్తేనే వెనుక యాంటీ రోల్ బారు, ఒక మెట్టు మాత్రమే.

ఒక పని చేయించిన తరువాత అదే దారిలో అదే వేగంతో కొన్ని రోజులు నడిపి చూసి గాని రెండవ పనికి పోరాదు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు.

మా అల్లుడు ఈ వరుసనే అనుసరించాడు. నాలుగు ఒకే రకం టైర్లు, రెండు బుష్‌లు, అలైన్‌మెంట్ కలిపి వర్క్‌షాపు వేసిన అంచనాలో సగానికి లోపే అయినది. పొడి రోడ్డుపై బండి ఇంకా కొద్దిగా ఒరుగుతూనే ఉన్నది గాని, తిప్పిన వైపు తిరుగుతున్నది. బారుకు ఖర్చు చేయదలచిన సొమ్ముతో శీతాకాలపు టైర్లు నాలుగు కొన్నారు. మా అమ్మాయి మాత్రం ఆ నీడ మలుపు దగ్గర వేగం 25 కి.మీ.కి తగ్గించే అలవాటు మానలేదు. మానవద్దని నేనూ చెప్పాను.

ఈ వరుసలో మొదటి అయిదు అంశాలు మన మారుతీకి, మన టౌన్‌షిప్ బస్సుకు, ఏ బండికైనా వర్తిస్తాయి. వానాకాలం ముందు మన వాహనాల టైర్లను కూడా ఒకసారి వంగి చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. వచ్చే సంచికలో బ్రేకు డ్రమ్ములు, డిస్కుల అరుగుదల గురించి ముచ్చటించుకుందాం. సందేహాలను సంపాదకుల ద్వారా పంపగలరు.